మైనం పాళ్ళు

మా నాన్న మైనం కాచేటప్పుడు
లోపల్నుంచి తలుపు గడియ పెట్టుకునేవాడు.
తేనెమైనం, గుగ్గిలం, కొబ్బరిచిప్పల బొగ్గుపొడి,
అంతవరకూ వాసనే చెప్పేసేది.
ఎంతకి ఎంతన్నది మాత్రం
గడియకి అవతలే ఉండిపోయింది.

ఆయన పోయాక పదకొండు వీణలు పాడు చేశాను.
కొట్టు గోడమీద పెన్సిలు గీతలున్నాయి, లెక్క తప్పలేదు.
గుగ్గిలం తగ్గితే వైశాఖం ఎండకి మెట్లు జారి
రిషభం పోయి గాంధారం ఒళ్ళో కూర్చునేది.
ఎక్కువైతే పుష్యమాసం తెల్లారగట్ల
టిక్కుమని ఒక చిన్న చప్పుడు.
తర్వాత బరంపురం నుంచి సంగీతం పంతులమ్మ కార్డుముక్క:
"మీ నాన్నగారైతేనా..."
ఆ వాక్యం ఆవిడెప్పుడూ పూర్తి చేయలేదు.

పన్నెండోది నిలబడింది.
ఆ పాళ్ళు నేనూ ఎవరికీ చెప్పలేదు.

పర్లాకిమిడిలో బుధవారం మా కొట్టుకి సెలవు.
కొమ్ముపని బిష్ణు మహారణా వస్తాడు,
గేదెకొమ్ము తరిగి చేసిన బిరడల తలలు
రుమాల్లో మూటగట్టుకుని.
సెరంగో కొండమీంచి మొదటి బస్సుకి ఇసాకు రయితో దిగుతాడు,
రెండు తంతుల సొరబుర్రని
నిద్రపోయే బిడ్డలా మోకాళ్ళమధ్య పెట్టుకుని.
బిష్ణు ఒడియాలో తిడతాడు, నేను తెలుగులో ఒప్పుకుంటాను.
ఇసాకు సవరలో అనుకున్నదాన్ని
మా ఇద్దరి మాటల్లోకీ సగం సగం పంచుతాడు.
టీ మాత్రం ఎవరి డబ్బు వాళ్ళదే.

ఆ రోజు నా కొత్త పనసకుండని ఒళ్ళో పెట్టుకుని
వెనకవైపు గోటితో కొట్టాడు ఇసాకు.
మళ్ళీ కొట్టాడు, చెవి ఆనించి.
"ఇంకా చెట్టే ఇది."
నాలుగేళ్ళు ఆరబెట్టానన్నాను.
"ఎండలో కాదు. పొయ్యిమీద అటక కట్టు,
రెండు వానాకాలాలు పొగ తాగనీ.
పురుగూ రాదు, పట్టుదలా పోతుంది."
మా తాత మాట, అని కూడా అన్నాడు,
ఊరికే, బస్సు టైము చెప్పినట్టు.

నాకు సిగ్గేసింది.
గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని,
జన్మలో మొదటిసారి పైకి చెప్పాను:
నాలుగుపాళ్ళ మైనానికి ఒకటిన్నర గుగ్గిలం,
దించాక రెండు చుక్కల ఆముదం.

బిష్ణు తలెత్తకుండా కొమ్ముని అరం మీద రుద్దుతూ
"ఒకటింబావు" అన్నాడు.
"ఏటి?"
"గుగ్గిలం. ఒకటింబావే. వంశధార పొంగిన ఏడు
మీ నాన్నే మా నాన్నకి చెప్పాడు.
మేమూ చెప్పాం, అడిగినవాళ్ళకి."

"మరి నాకు?"
"నువ్వడిగావా?"

అడగలేదు.
గడియ చూసి అడగలేదు.

"గడియ గాలికిరా బాబూ," బిష్ణు నవ్వాడు,
"మంట అటూ ఇటూ ఊగితే మైనం అంటుకోదూ?
ఒకసారి మీ నాన్న మీసం కాలింది,
నువ్వింకా పుట్టలేదు."

పదకొండు గీతలవైపు చూశాను.
పదకొండు ఇళ్ళలో అపస్వరంగా మేలుకున్న పొద్దులు,
ఒక కుర్రాడి బిడియానికి కట్టిన కిరాయి.

మర్నాటి బుధవారం మైనం కాచాం.
ముగ్గురం లోపలే. గడియ ఇసాకు పెట్టాడు.
ఒకటింబావు గుగ్గిలం పడ్డాక
నల్లటి ముద్ద చల్లారుతూ అంచుల్లో మెరిసింది.
బిష్ణు వేలితో నొక్కి ఏమీ అనలేదు.
అతను ఏమీ అనకపోతే బాగున్నట్టు.

పనసకుండ ఇప్పుడు మా వంటింటి అటకమీద ఉంది.
పప్పులో పొట్టు రాలుతోందని మా వరహాలమ్మ గోల.
రాత్రి భోజనాలయ్యాక పీటెక్కి
గోటితో ఒక్కసారి కొడతాను.
ఇంకా చెట్టే.